లేసు అల్లే చేతికి ఫోను తోడైతే



పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు ప్రాంతపు గ్రామాలలో లేసు అల్లడం తెలియని వీధి అరుదు. వంట ముగిసి, పిల్లలను బడికి పంపి, స్త్రీలు అరుగుమీద కూర్చుంటారు. ఒక చేతిలో తెల్లని నూలు, మరొక చేతిలో కొక్కెపు సూది. నోరు మాట్లాడుతూనే ఉంటుంది, కళ్లు వీధిని చూస్తూనే ఉంటాయి, సూది మాత్రం ఆగదు. ఈ చేతులలో నుండి వెళ్లిన బల్లగుడ్డలు ఐరోపా, అమెరికా దేశాల ఇళ్లలో పరచబడ్డాయి. అయితే అల్లిన స్త్రీ పేరు ఆ ఇళ్లవారికి తెలియదు. వారిచ్చిన ధర ఎంతో ఈమెకూ తెలియదు.

ఈ మధ్య మన సంఘాలలో చాలామంది సహోదరీలు ఒక ప్రశ్న అడుగుతున్నారు. "ఫోనులో పెట్టి అమ్ముకుంటున్నారట కదా, మనము కూడా అమ్ముకోవచ్చునా?" వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి వాటి ద్వారా చీరలు, పచ్చళ్లు, పూతరేకులు అమ్ముడుపోవడం వారు చూస్తూనే ఉన్నారు. అమ్ముకోవచ్చును అన్నదే మా జవాబు. అయితే ఫోను కొన్నంత మాత్రాన అది జరగదు. ఎందుకు జరగదో తెలియాలంటే లేసు పని నడిచే తీరును ముందు చూడాలి.

ఈ పని మన దగ్గరకు వచ్చిన విధము

బౌడెన్, బీర్ అను మిషనరీలు 1836లో గోదావరి డెల్టాకు వచ్చి నరసాపురం, పాలకొల్లు పరిసరాలలో సేవ ఆరంభించారు. తరువాత 1844లో స్కాట్లాండుకు చెందిన మెక్‌రే దంపతులు ఇక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పారని చెబుతారు. కూలిపై బ్రతికే పేద కుటుంబాల స్త్రీలకు ఇంటిపట్టున నాలుగు రూపాయలు రావాలన్నది ఆనాటి తలంపు. ఆ పని క్రైస్తవ గృహాలలోనే ఆగిపోలేదు. కులమతాల ఎల్లలు దాటి ఊరూరా పాకింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. 180 సంవత్సరాల చరిత్రకు దొరికిన గౌరవమది.

గౌరవము వచ్చింది సరే, కూలి మాటేమిటి? మరియా మీస్ అను జర్మన్ సమాజశాస్త్రవేత్త నరసాపురం లేసు పనివారిని గూర్చి పరిశోధించి 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం ప్రచురించారు. అందులో ఆమె ఎత్తి చూపినది ఇది. ఈ స్త్రీలు ఇంటి చాకిరికి పైన రోజుకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. అయినా వ్యాపారులు గాని, ఇంటి పురుషులు గాని, చివరకు ఆ స్త్రీలు గాని దీనిని ఉద్యోగముగా ఎంచలేదు. "ఖాళీ సమయంలో చేసుకునే పని" అన్నారు. ఖాళీ సమయానికి కూలి లెక్క ఎవరు కడతారు? ఆ ఒక్క మాట చాటున ఎందరి శ్రమ తక్కువ ధరకు పోయిందో చెప్పలేము.

ఆ పుస్తకంలోనే మరొక ముఖ్యమైన సంగతి ఉన్నది. లేసు పని ముక్కలు ముక్కలుగా పంచబడింది. పువ్వులు, అంచులు అల్లేవారిది చేతిపని. ఆ పువ్వులను కలిపి గుడ్డగా చేసేవారిది అతుకుపని. కాజాకుట్టు పనివారు వేరు. ఏజెంటు నూలు తెచ్చి ఇస్తాడు, నమూనా చూపుతాడు, అయిన పని పట్టుకుపోతాడు. పువ్వులు అల్లిన స్త్రీ తన పువ్వు ఏ గుడ్డలో చేరిందో చూడను కూడా చూడదు.

ఫోను గురించి మాట్లాడేటప్పుడు మనము మరువకూడనిది ఇదే. ఫోనులో పువ్వు అమ్ముడుపోదు, పూర్తి అయిన వస్తువే అమ్ముడుపోతుంది. చేతిలో ఎంత ఖరీదైన ఫోను ఉన్నా, ముక్కపని మాత్రమే చేసే స్త్రీ ఏజెంటు రాక కోసమే ఎదురు చూడాలి. కనుక మొదట కావలసినది ఫోను కాదు, పొరుగింటి తోడు. పువ్వులు అల్లే ఇద్దరు, అతుకుపని తెలిసిన ఒకరు, ఫోను వాడడం, నాలుగు మాటలు వ్రాయడం వచ్చిన ఒకరు కలిస్తే ఒక వ్యాపారము అవుతుంది. డ్వాక్రా సంఘాలలో కలిసి పొదుపు చేయడం మన స్త్రీలకు కొత్త కాదు. పొదుపుకు కలిసినవారు అమ్మకానికి కలవడంలో కష్టమేమున్నది? అయితే ఎవరికెంత అన్నది మొదటి దినముననే కాగితంపై వ్రాసుకోవాలి. ఫోను చూసుకునే ఆమెది కూడా పనే. ఆమె గంటలు కూడా లెక్కలోనికి రావాలి. స్నేహం మీద నమ్మకముంచి లెక్క వ్రాసుకోని జట్లు మొదటి పెద్ద ఆర్డరుకే విడిపోతాయి.

ధర కట్టుట

ఫోనులో అమ్మాలనుకునేవారు మొట్టమొదట బోల్తాపడేది ధర దగ్గర. నూలు ఖరీదుకు ఏదో కొంత కలిపి చెప్పేస్తారు. తమ గంటలను లెక్కించరు. ఒక లెక్క చూద్దాము. 2025–26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ దినకూలి 307 రూపాయలు. దినానికి ఎనిమిది గంటలు అనుకుంటే గంటకు సుమారు 38 రూపాయలు. మట్టి తవ్వినవారికి ఇచ్చే కూలికన్న కళ్లు పోగొట్టుకుని లేసు అల్లినవారికి తక్కువ ఎందుకు రావాలి? కనుక దానినే మన కొలతగా తీసుకుందాము.

బల్ల నడుమ పరిచే ఒక గుడ్డకు అతుకుపనితో సహా 30 గంటలు పట్టిందనుకోండి. కూలి 1,140 రూపాయలు. నూలుకు 150, పోస్టుకు, కవరుకు 100 అనుకుంటే మొత్తం 1,390. ఇది లాభము లేని ధర. ఇంతకు తగ్గించి అమ్మితే మన చేతి డబ్బు మనమే కొన్నవారికి ఇచ్చినట్లు. "నాలుగు వందలకు ఇస్తావా?" అని అడిగేవారు తప్పక ఉంటారు. యంత్రముపై తయారై చైనా నుండి వచ్చే లేసు చౌకగా దొరుకుతున్నది గనుక వారు ఆ ధరనే మనసులో పెట్టుకుంటారు. వారితో వాదము వద్దు. వారు మన కొనుగోలుదారులు కారు, అంతే.

మరి ముక్కూ ముఖమూ తెలియని మనిషి మొదటిసారే 1,500 రూపాయలు మనకు పంపుతుందా? చాలామంది పంపరు, పంపకపోవడమే వివేకము. అందుచేత చిన్న వస్తువులతో ఆరంభించడం మంచిదని మా అభిప్రాయము. టీ గ్లాసు క్రింద పెట్టే గుండ్రని మ్యాటు, పుస్తకములో గుర్తుకు పెట్టుకునే పట్టీ, పాపాయి గౌనుకు కాలరు వంటివి. అయితే ఒక్కొక్కటిగా పంపితే వస్తువుకన్న పోస్టు ఖర్చే ఎక్కువవుతుంది. ఆరు మ్యాట్లు ఒక జతగా కట్టండి. మ్యాటుకు గంట చొప్పున ఆరు గంటల కూలి 228, నూలు 50, పోస్టు, కవరు కలిపి 80 అనుకుంటే 358 అవుతుంది. 400కు అమ్మవచ్చును. ఆ జత నచ్చినామె రేపు బల్లగుడ్డ అడుగుతుంది.

లేసుకున్న ఒక మేలు చెప్పాలి. పచ్చడి సీసా పగులుతుంది, నూనె కారుతుంది, పైగా తినే వస్తువులకు ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. లేసు పగలదు, చెడదు, బరువుండదు. ఊరి పోస్టాఫీసు నుండి స్పీడ్ పోస్టులో ఢిల్లీకైనా పంపవచ్చును. ఫోను వ్యాపారానికి ఇంతకన్న అనువైన సరుకు పల్లెటూళ్లలో తక్కువే.

ఫోటో, దాని క్రింద మాట

తెల్లని లేసును తెల్లని దుప్పటిపై పరచి ఫోటో తీస్తే ఏమీ కనబడదు. ముదురు నీలము లేక మెరూన్ రంగు చీరపై పరచండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో గాని, రాత్రి ట్యూబులైటు క్రింద గాని తీయకండి. ఉదయం పూట వరండాలోని వెలుగు చాలును. ఒక ఫోటో దూరము నుండి, ఒకటి దగ్గర నుండి, ఒకటి వెనుక వైపు. వెనుక వైపు చూపించే ధైర్యము ఉన్నవారి పనిని కొనేవారు నమ్ముతారు. ప్రక్కన టేపు పెట్టి కొలత అంగుళాలలో చూపండి. "పెద్ద సైజు" అన్న మాట ఎవరికీ ఏమీ చెప్పదు.

వీటన్నిటికన్న మిన్నగా పనిచేసేది సూది కదిలే చిన్న వీడియో. అర నిమిషము చాలును. చేతులు, నూలు, ఒక్కొక్క గొలుసు పడి పువ్వు అవడం. పాటలు, మెరుపులు అక్కరలేదు. యంత్రపు సరుకు అమ్మేవారు అన్నీ చూపగలరు గాని ఇది ఒక్కటి చూపలేరు. 180 ఏండ్లుగా దాగి ఉన్న చేయి కొనేవారికి మొదటిసారి కనబడుతుంది. ధర ఎందుకంతో వారికి మనము చెప్పనవసరము లేదు.

ఫోటో క్రింద వస్తువు పేరు, కొలత, నూలు రకము, ఎలా ఉతకాలో, ధర ఎంతో వ్రాయండి. ధర దాచిపెట్టి "మెసేజ్ చేయండి" అనేవారి తీరు మాకు నచ్చదు. అది బేరానికి పిలవడమే. తెలుగుతో పాటు ఇంగ్లీషులో కూడా రెండు ముక్కలు ఉంటే, క్రోషే అని వెదికే దూరపువారికి కూడా మన పేజీ కనబడే అవకాశము ఉంటుంది. ఇంట్లో చదువుకునే పిల్లలు ఈ సహాయము చేయగలరు. భౌగోళిక గుర్తింపు ముద్రను మాత్రము ఇష్టమొచ్చినట్లు వాడరాదు. దానికి అధీకృత వాడకందారుగా నమోదు చేసుకోవాలి. నరసాపురంలోని లేసు కేంద్రంలో విచారించి ఆ పని చేసుకోవడం మంచిది.

ఏది వాడాలి అంటే, ముందుగా వాట్సాప్ బిజినెస్. 2018లో వచ్చిన ఈ యాప్‌కు డబ్బు కట్టనక్కరలేదు. వస్తువులను ఫోటో, ధరలతో ఒక దుకాణపు అర వలె పెట్టుకోవచ్చును. మామూలు నంబరు వేరుగా, వ్యాపార నంబరు వేరుగా ఉంచుకోండి. స్టేటస్‌లో పెట్టినది 24 గంటలలో పోతుంది గనుక వారానికి రెండు మూడు సార్లు పెట్టినా విసుగు పుట్టదు. బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతిలో ఒకేసారి చాలామందికి పంపవచ్చును గాని, మన నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికే అది చేరుతుంది. అందుచేత ప్రతి పార్సెలులో మన నంబరున్న చిన్న చీటీ పెట్టడం మరువకండి. కొత్తవారు కావాలంటే ఇన్‌స్టాగ్రామ్, పాతవారిని నిలుపుకోవాలంటే వాట్సాప్. డబ్బు కట్టి ప్రకటనలు వేయడం మొదటి ఏడాది వద్దే వద్దు. వేయి మంది లైకు కొట్టినా నూలు కండె ఒక్కటి రాదు. ఎందరు అడిగారు, ఎందరు కొన్నారు, ఎందరు రెండవసారి కొన్నారు అన్న మూడు అంకెలే చూడండి.

సంఘపు గ్రూపుల మాట

ఇక్కడ కొంచెము కఠినముగా మాట్లాడక తప్పదు. ప్రార్థన మనవులకు పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో చీరల ఫోటోలు, లేసు ఫోటోలు వచ్చి పడుతున్నాయి. ఒకరు జబ్బు సంగతి వ్రాసి ప్రార్థించమంటే, దాని క్రిందనే తగ్గింపు ధరల ప్రకటన. ఇది తగదు. అమ్ముకోవడం తప్పు కాదు, చోటు అది కాదు. పెద్దల అనుమతితో ఊరి ఉత్పత్తులకు వేరొక గ్రూపు పెట్టుకుంటే ఇష్టమున్నవారే చేరతారు. తోటి విశ్వాసి గనుక కొనాలి అన్న మొగమాటముతో జరిగిన అమ్మకము రెండవసారి జరగదు కూడా.

దీనికి మారుగా సంఘాలలో నిజమైన అవసరము ఒకటి ఉన్నది. ప్రభువు బల్లపై పరిచే తెల్లని వస్త్రాలు, పుల్పిట్ మీది గుడ్డలు పట్టణములో యంత్రపు లేసువి కొంటున్నారు. తొలి మిషనరీలు నేర్పిన పని చేతిలో ఉండి, మన మందిరాలలోనే పరాయి లేసు ఉండడం మాకు వింతగా తోస్తుంది. బల్ల కొలతలు పంపితే అల్లి ఇస్తామని ఒక ఫోటో పెట్టి చూడండి.

ఇంటి ఆడపిల్ల, ఇంటి ఫోను

చాలా ఇళ్లలో ఫోను వాడడం వచ్చినది చదువుకునే అమ్మాయికే. అమ్మ అల్లుతుంది, అమ్మాయి పెడుతుంది. ఆ అమ్మాయి నంబరు వీధిన పెట్టకండి. వ్యాపారానికి వేరే సిమ్ము తీసుకుని, ఆ ఫోను అమ్మ దగ్గరే ఉంచండి. వీడియోలో చేతులు చాలును, ముఖము చూపాలన్న నియమమేమీ లేదు. ఉదయం పది నుండి సాయంత్రం ఆరు వరకే జవాబులని పేజీలో వ్రాయండి. రాత్రి పూట "హలో, ఏం చేస్తున్నారు?" అని వచ్చే మెసేజీలకు జవాబు లేదు, ఆ నంబరును బ్లాక్ చేయడమే. ఇందులో సిగ్గుపడవలసినది మనము కాము. ఇటువంటి మెసేజీ వచ్చిందని అమ్మాయి చెప్పినప్పుడు, ఆమెను గద్దించి ఫోను లాక్కునే తండ్రులు ఉన్నారు. అలాచేస్తే ఆమె ఇక మీదట ఏదీ చెప్పదు.

జవాబులలో మెత్తదనము చాలా అవసరము. 2025 ఏప్రిల్‌లో ఒక పచ్చళ్ల వ్యాపారము నుండి, ధర ఎక్కువన్న కొనుగోలుదారునికి వాట్సాప్‌లో వెళ్లిన దూషణ మాటలు రెండు తెలుగు రాష్ట్రాలలో ఎంతగా మారుమోగాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒకరితో అన్న మాట లక్షల మంది విన్నారు. అంగడిలో కోపముతో అన్నది గాలిలో పోతుంది, ఫోనులో అన్నది ఉండిపోతుంది. "ఈ ధరకు రాదండి, క్షమించండి" అన్న ఒక్క మాటతో ముగించవచ్చును.

డబ్బు విషయము

డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ను ఎప్పుడూ కొట్టనక్కరలేదు. ఈ మాటను గోడమీద వ్రాసి పెట్టుకోండి. "ఆర్మీ ఆఫీసరును, వంద బల్లగుడ్డలు కావాలి, ఈ కోడు స్కాన్ చేసి పిన్ను కొడితే అడ్వాన్సు వస్తుంది" అనేవాడు దొంగ. పిన్ను కొడితే డబ్బు మన ఖాతాలో నుండి పోతుంది. డబ్బు కట్టినట్లు పంపిన స్క్రీన్‌షాటును నమ్మి పార్సెలు కట్టకండి. ఖాతాలో పడిందో లేదో చూచుకున్న తరువాతనే పోస్టాఫీసుకు నడవండి. "పొరపాటున మీకు ఆరు అంకెల కోడు వచ్చింది, చెప్పండి" అంటే చెప్పారా, మీ వాట్సాప్ వారి చేతికి పోయినట్లే. మోసము జరిగితే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు నిలిచే ఆశ అంత ఎక్కువ.

పెద్ద ఆర్డరుకు సగము సొమ్ము ముందుగా తీసుకోవడం న్యాయమే. నూలు మనము కొనాలి, గంటలు మనవి పోవాలి. పార్సెలు పంపగానే రసీదు ఫోటో తీసి కొన్నవారికి పంపండి. మిగిలిన అనుమానాలు దానితో తీరతాయి.

మరొక జాగ్రత్త. 2020 జూన్ 29న మన ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. అందులో ఎన్నో ఏండ్లు కష్టపడి లక్షల మందిని సంపాదించుకున్నవారు ఒక్క రాత్రిలో ఏమీ లేనివారైనారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి సుమారు ఆరు గంటలు ఆగిపోయాయి. ఈ దుకాణాలు మన సొంత స్థలములో లేవు. కొన్నవారి పేరు, ఊరు, ఫోను నంబరు, ఏమి కొన్నారు, ఎప్పుడు కొన్నారు అన్నవి ఒక నోటు పుస్తకములో వ్రాసి ట్రంకు పెట్టెలో ఉంచండి. ఫోను పోయినా ఆ పుస్తకముతో మళ్లీ మొదలుపెట్టవచ్చును.

ఏజెంట్లందరూ చెడ్డవారని మేము అనడము లేదు. వర్షాకాలములో కూడా నూలు తెచ్చి ఇచ్చి, అవసరానికి ముందుగా డబ్బిచ్చి ఆదుకునేవారు ఉన్నారు. కనుక మొదటి దినముననే వారి పని మానివేయకండి. వారములో రెండు మధ్యాహ్నాలు సొంత వస్తువుకు కేటాయించండి. దాని మీద వచ్చిన గంట కూలినీ, ఏజెంటు పనిలో వచ్చిన గంట కూలినీ ప్రక్క ప్రక్కన వ్రాసి, ఆరు నెలల తరువాత చూడండి. కనీసము ఏజెంటుతో ధర మాట్లాడేటప్పుడు మీ గంట విలువ ఎంతో మీకు తెలిసి ఉంటుంది.

ఎక్కువ అడిగే కాలము క్రిస్మస్. కాని బల్లగుడ్డకు వారాలు పడుతుంది, విదేశాలకు పార్సెలు చేరడానికి ఇంకా ఎక్కువ. ఆగస్టులో నమూనాలు అల్లి ఫోటోలు పెట్టండి. పెద్ద వస్తువులకు ఆర్డర్లు అక్టోబరు రెండవ వారముతో ఆపివేస్తామని పేజీలో ముందే వ్రాయండి. ఆ తరువాత అడిగినవారికి మ్యాట్ల జతలు, కాలర్లు చూపండి. అవి ఇంట్లో కొన్ని అల్లి సిద్ధముగా ఉంచుకుంటే డిసెంబరు మొదటి వారము వరకు పంపవచ్చును.